బరువెక్కించి చూసిన బోటు

అక్కా, నా ఉద్యోగం గురించి బెంగపడకు, ఖాయమైంది. అంతా నీ చలవే.

కొత్త స్పీడుబోటుకి, నీళ్లలో తిరిగి బోటుని నెట్టే ప్రొపెల్లర్లలో రెక్కల వాలు ఎక్కువున్నదాన్ని మా యజమాని ఎంచాడు. ఒక్కడే నడిపితే బోటు బాణంలా దూసుకుపోయింది. "ఇదే ఖాయం" అన్నాడు. నేను ససేమిరా అన్నాను. ట్యాంకు నింపి, వాళ్ల ఇంటిల్లిపాదినీ ఎక్కించాను. ఇంజను రొప్పింది, బోటు ముక్కు పైకెత్తి ఈడ్చుకుంటూ కదిలింది. వాలు తక్కువున్నది బిగిస్తే అందరితోనూ పరుగెత్తింది.

"ఈ కిటుకు ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాడు యజమాని.

"మా అక్క, సైకిలు మీద."

వెనకెక్కి కూర్చుని, "నన్ను మోస్తూ తొక్కితేనే వచ్చినట్టు" అనేదానివి. అప్పుడు తిట్టుకున్నాను, ఇప్పుడు దండం పెడుతున్నాను.

మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత స్వెట్టరు పంపు, నీళ్లమీద గాలి కోసేస్తోంది. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. సెలవులకి రా. ఈసారి బోటులో ముందు సీటు నీది.

నీ చెల్లి