గురువారం గ్రీకు

జనవరి 9, 2025. గురువారం

పద్దెనిమిదేళ్ళుగా చర్చి హాల్లో గురువారం బైబిల్ క్లాసు నాది. ఇవాళ నా కుర్చీ పక్కకు జరిగింది. దాని చోట టేబుల్, టేబుల్ మీద షారోన్ లాప్‌టాప్, గోడ మీద ప్రొజెక్టర్ వెలుగు. ఈ షారోన్‌కి చిన్నప్పుడు జపాలు నేర్పింది నేనే. శిలువ గుర్తు ఏ చేత్తో వేసుకోవాలో కూడా తెలిసేది కాదు. ఇప్పుడు పాండిచ్చేరిలో ఏదో కోర్సు చేసి వచ్చింది.

బైబిల్ సాఫ్ట్‌వేర్ అట. వచనంలో ఒక మాట మీద క్లిక్ చేస్తే దాని గ్రీకు మూలం, ఆ మూలం నుంచి పుట్టిన మాటలు వరసగా వచ్చి పడతాయి. కలెయో అంటే పిలవడం. అందులోంచే ఎక్లేసియా, అంటే చర్చి, మన శ్రీసభ. అందులోంచే పరాక్లేతోస్, పవిత్రాత్మకున్న పేరు. హాలంతా నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ మనకి ఇయ్యన్నీ ఎవరూ చెప్పనేలేదండీ అంది సరోజిని. నా వైపు చూసే అంది.

జనవరి 10

అన్నం సహించలేదు.

జనవరి 12. పూజ అయ్యాక

ఆ సాఫ్ట్‌వేర్ నాకూ కావాలని ఫాదర్ గారిని అడిగేశాను. చర్చి పేరు మీద ఒకటే కొన్నాం, మీరూ అదే వాడుకోండి జోసెఫిన్ టీచర్ అని యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చారు. ఇంకో మాట కూడా అన్నారు. ఈస్టర్ ముందొచ్చే తపస్సు కాలం ప్రసంగాలు ఈ ఏడు ఎవరికివ్వాలో ఆలోచిస్తున్నారట.

ప్రతి ఏడూ నేనే ఇస్తున్నాను. ఇందులో ఆలోచించడానికి ఏముంది? రిటైరయ్యాక నాకంటూ మిగిలింది అదొక్కటే. అదీ ఆ పిల్లకి ఇచ్చేస్తే నేనింక కనకాలపేట నుంచి ఆటో ఎక్కి చర్చికి రావడం దేనికి?

మా ఆయన ఆనంద్ చేత ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను.

జనవరి 16

రోమీయుల లేఖ. సువార్త దేవుని శక్తి అన్నచోట గ్రీకు మాట దునామిస్ అంది షారోన్. డైనమైట్ అందులోంచే వచ్చిందట, కాబట్టి పౌలు గారు రాసేటప్పుడు ఆయన మనసులో ఉన్నది పేలుడేనట. చప్పట్లు.

ఇంటికొచ్చి చూశాను. డైనమైట్ పుట్టి రెండొందల ఏళ్ళు కూడా కాలేదు! పౌలు గారికి దాని ఊసెలా తెలుస్తుంది? మనవడి పోలికలు తాతకొచ్చాయన్నట్టుంది.

సాఫ్ట్‌వేర్‌లో ప్రతి వచనం కింద నోట్సు రాసుకునే పెట్టె ఒకటుంది. అందులో ఇదంతా రాసి, కింద ఇంకో ముక్క కలిపాను. ఈ పిల్లకి గ్రీకూ రాదు, చరిత్రా రాదు, క్లిక్ చెయ్యడం మాత్రం వచ్చు. ఎంత హాయిగా ఉందో.

జనవరి 23

పోయిన వారం డైనమైట్ గురించి తప్పు చెప్పానండీ, క్షమించండి అని షారోన్ అందరి ముందూ ఒప్పేసుకుంది. తప్పు కనిపెట్టింది నేను. ఎంత వినయమో అని మెచ్చుకున్నది దాన్ని.

జనవరి 30

అగాపే అంటే దేవుడి ప్రేమ మాత్రమే, మనుషుల ప్రేమకి ఆ మాట రాదు అంది. వెతికాను. పౌలు గారితో తిరిగిన దేమా ఈ లోకాన్ని ప్రేమించి ఆయన్ని వదిలేశాడన్న చోట ఉన్నదీ ఆ మాటే. రాసి పెట్టాను. ఫాదర్ గారికి లాప్‌టాప్ ఉన్నవాళ్ళ మాటే వేదం అని కూడా రాశాను. పనిలో పనిగా సరోజినికీ రెండు వడ్డించాను.

ఫిబ్రవరి 6

దేమా సంగతి కూడా చెప్పేసింది, అచ్చం నా మాటల్లోనే. దీనికి వెనక నుంచి ఎవరో అందిస్తున్నారు. ఎవరో కనుక్కోవాలి.

ఫిబ్రవరి 13. సాయంత్రం 7

తలుపు గడియ పెట్టుకుని రాస్తున్నాను.

క్లాసులో మణిదీప్ అనే కుర్రాడు ఏదో సందేహం అడిగితే షారోన్ మళ్ళీ రోమీయుల లేఖ తెరిచింది. వచనం పక్కనే నా నోట్సు. గోడంత అక్షరాల్లో. ఈ పిల్లకి గ్రీకూ రాదు. షారోన్ గబుక్కున మూసేసింది. అది నేను రాసుకుందేనండీ, నన్ను నేనే తిట్టుకుంటా ఉంటాను అని నవ్వేసింది. అందరూ నవ్వారు. ఫాదర్ గారు నవ్వలేదు.

ఆనంద్‌ని అడిగితే, ఒకే అకౌంటయితే ఇద్దరికీ ఒకటే కనపడద్ది, ఆ మాత్రం తెలీదా అన్నారు. షారోన్ తన నోట్సంతా కాయితం పుస్తకంలో రాసుకుంటుంది. అందుకే నాకేమీ కనపడలేదు. దానికి మాత్రం నెలరోజులుగా అన్నీ కనపడుతూనే ఉన్నాయి. సరోజినిని అన్నవి కూడా.

ఫిబ్రవరి 14

అన్నీ చెరిపేశాను. దేమా దగ్గర తప్ప. అది బాగా రాశాను.

ఫిబ్రవరి 16

తపస్సు కాలం ప్రసంగాలు నావే. ఫాదర్ గారు పూజలో ప్రకటించారు. బయటికొచ్చాక పిలిచి, షారోనే పట్టుబట్టిందనీ, మూలాల సంగతి టీచర్‌కి తెలిసినంత తనకి తెలీదందనీ చెప్పారు. ఆయన నా మొహం కేసి చూడలేదు.

షారోన్ మెట్ల దగ్గర నిలబడి, దేమా గురించి ఇంకోసారి చెప్పండి టీచర్ గారూ అనడిగింది. వెటకారం ఉందేమోనని ఎంతో వెతికాను. లేదు. ఉంటే బాగుండేది. లాప్‌టాప్ అయితే నేనూ కొనుక్కోగలను. ఈ మంచితనం ఎక్కడినుంచి తెచ్చుకుంటాను? కుళ్ళుకుని చస్తున్నాను.

మార్చి 5. విభూతి బుధవారం

మొదటి ప్రసంగం ఇచ్చాను. బాగుందన్నారు.

విభూతి పెట్టేటప్పుడు ఫాదర్ గారి వేలు నా నుదుటి మీద కంటే షారోన్ నుదుటి మీద ఎక్కువసేపు ఆగింది. లెక్కపెట్టాను.