పావు చుట్టు వెనక్కి

అక్కకి,

బాగున్నావా అని అడగను. అడిగితే బావ నడుం నొప్పి గురించి రెండు పేజీలు రాస్తావు. ఫోను చేస్తే పోయేదానికి ఈ ఉత్తరాలేమిటని సణుగుతావనీ తెలుసు. మా షెడ్డులో సిగ్నల్ సరిగా ఉండదు, నీ మాట సగంలోనే తెగిపోతుంది. పైగా కాగితం మీదైతే నువ్వు నాకు అడ్డు రాలేవు.

సంగతేమిటంటే, నీ కూతురికీ నాకూ పడటం లేదు. పనిలో కాదు. పనిలో ఎప్పటిలాగే ఉన్నాం: ఉడత అని ముద్దుపేరు పెట్టినందుకు అది చెట్టెక్కి కొమ్మలు కోస్తుంది, నేను కింద తాడు పట్టుకుని వాటిని దింపి ముక్కలు చేస్తాను. తగువల్లా రంపాల దగ్గర. ఈ పని మానుకున్నప్పుడు బావ ఇచ్చి వెళ్ళిన రెండు మిషను రంపాలూ ముసలివైపోయాయి, తీసేసి కొత్తరకం కొనాలంటుంది. రంపాలమ్మే అతను కొన్నాళ్ళు వాడి చూడమని ఒకటి ఇచ్చిపోయాడు కూడా. దాన్ని ఇంజెక్షన్ రంపం అంటున్నారు. చిన్నప్పుడు నేను ఏ మాట వింటే మంచం కిందికి దూరేవాణ్ణో నీకు గుర్తుండే ఉంటుంది.

దానికి పెట్రోలు తగ్గించి పెంచే స్క్రూ ఉండదక్కా. గాలి ఎంత, పెట్రోలు ఎంత అన్నది లోపలున్న చిప్పే చూసుకుంటుంది. చలిలో కూడా స్టార్టరు తాడు రెండుసార్లు లాగితే అందుకుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. మన పాతది భుజం ఊడేదాకా లాగిస్తుంది. కానీ కొత్తది నడిచినంతకాలం రాజా, ఆగిందంటే రాయి. విప్పి చూడటానికేమీ ఉండదు. వాళ్ళ సెంటరుకి మోసుకెళ్ళి కంప్యూటరుకి తగిలిస్తే, దాని జబ్బేమిటో అది చెబుతుంది. పాతదానికి ఒక స్క్రూడ్రైవరూ రెండు చెవులూ చాలు. స్క్రూ లోపలికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, వెనక్కి తిప్పితే పెరుగుతుంది. పూర్తి వేగంలో పెట్టి చెవి ఒగ్గితే కాస్త గరగరలాడాలి, కర్రలో దించగానే ఆ గరగర పోయి గొంతు సాఫీగా రావాలి. ఉత్తినే సన్నగా కీచుమందంటే పెట్రోలు చాలట్లేదన్నమాట. అలాగే వాడితే లోపల పిస్టన్ గీసుకుపోయి పట్టేస్తుంది. ఈ విద్య నాకు బావే నేర్పాడు. ఆ గరగర కోసమే నేను ఏనాడూ చెవులకి మూతలు పెట్టుకోలేదు.

నీ కూతురికి ఇవేమీ ఎక్కవు. దాని పద్ధతులు దానివి. చెవులకి జూకాలు పెట్టుకోదు కానీ నడుముకి మాత్రం చిన్న స్క్రూడ్రైవరు వేలాడేసుకుంటుంది. పైనుంచి కేకేయడం మానేసి తాడు గుంజి చెప్పే పద్ధతి పెట్టి రెండేళ్ళయింది. ఒకసారి గుంజితే వదులు, రెండుసార్లు గుంజితే తప్పుకో. బళ్ళ మోతలో అరిచి అరిచి గొంతు పోతోందట. ఎంత సుకుమారమో చూడు.

నిన్న మళ్ళీ మాటా మాటా పెరిగింది. కొత్తొక వింత, పాతొక రోత అన్నాను. నీతో చెప్పడం చెవిటివాడి ముందు శంఖం, అని మొదలుపెట్టి అక్కడే ఆగి, తాళ్ళు చుట్టుకోవడానికి వెళ్ళిపోయింది. సామెతలు కూడా సగమే వచ్చు దీనికి. ఉన్న డబ్బుతో పాతవాటికి కొత్త సామాను వేయించుకోవడమో, ఇవి అమ్మేసి కొత్తవి కొనడమో, ఏదో ఒకటే అవుతుంది. నువ్వు దానికి నాలుగు చీవాట్లు పెట్టి, మామయ్య చెప్పినట్టు వినమని రాయి.

నీ మాట తప్ప మిగతా అందరి మాటా కాదనే,
తమ్ముడు

*

అక్కా,

ఉడతకి ఏమీ కాలేదు. ముందు ఈ ముక్క రెండుసార్లు చదువుకో, తర్వాతే మిగతాది చదువు.

ఒక గోడౌను మీదికి వాలిన చెట్టు కొట్టడానికి వెళ్ళాం. పొద్దున షెడ్డులో పాత రంపానికి స్క్రూ నేనే సరిచేసి ఇచ్చాను. పెద్ద కొమ్మలో సగం దాకా వెళ్ళాక రంపం పట్టేసి, గొలుసు కర్రలోనే ఇరుక్కుపోయింది. సగం తెగిన కొమ్మ బరువాపుకోలేక చీలి, ఉడత పాదం కిందుగా మానుకి కొట్టుకుని, గోడౌను రేకు మీద పడింది. ఆ అదురుకి మానుకి ఒరుసుకుని దాని తొడ మీద గీరుకుంది, అంతే. కిందికి దిగి చేతులు కడుక్కుని, ఆ రంపం ఆయుష్షు తీరింది మామయ్యా, అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

షెడ్డుకొచ్చాక ఒక్కణ్ణే కూర్చుని రంపం విప్పాను. పిస్టన్ మీద నిలువునా గీతలు. ఆయుష్షు తీరడం వల్ల కాదు, పెట్రోలు చాలక. స్క్రూ నేను పెట్టిన చోటే ఉంది. ఉండాల్సినదానికన్నా లోపలికి ఉంది.

ఇక నీతో దాచేదేముంది. నాకు సన్నని శబ్దాలు వినపడటం లేదు. చాలాకాలమైంది. రంపం కీచుమనడం నా దాకా రాదు, మొద్దుగా గుర్రుమనడమే తెలుస్తుంది. ఇంకా గరగరే అనుకుని సాఫీ గొంతు కోసం స్క్రూ లోపలికి తిప్పుతాను. మళ్ళీ తిప్పుతాను. అది అప్పటికే ఏడుస్తూ ఉంటుంది కాబోలు. షెడ్డులో సిగ్నల్ బాగానే ఉంటుందక్కా. తెగిపోయేది నీ మాట కాదు. నువ్వు ఏదో చెప్పి నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి, అది బావ నొప్పి సంగతని తర్వాత ఉత్తరంలో తెలిసేది.

పాతవే కావాలని ఎందుకు పట్టుబట్టానో ఇప్పుడు నీకు అర్థమయ్యే ఉంటుంది. స్క్రూ లేని రంపం వస్తే నా చెవితో పనేముంది? చెవితో పని లేకపోతే నాతో పనేముంది? ఈ లెక్క తప్ప ఇంకో లెక్క చూసుకోలేదు. ఆ లెక్కలో నీ కూతురు పైన కొమ్మ మీద కూర్చుని ఉంది.

అందుకని తేల్చుకున్నాను. కొత్తవే కొనమని చెప్పి నేను పని మానేస్తున్నాను. కింద ఉన్నవాడికి చెవులు లేకపోతే పైన ఉన్నవాళ్ళ ప్రాణానికి భరోసా ఉండదు. అసలు కారణం దానికి చెప్పకు. నడుం నొప్పి అని చెబుతాను. బావ దగ్గర కావలసినంత ఉంది, కాస్త అరువిమ్మను.

నీ
తమ్ముడు

*

అక్కా,

నువ్వు చెప్పకపోయినా లాభం లేకపోయింది.

నడుం నొప్పి అని మొదలుపెట్టాను. ఉడత గొలుసు పళ్ళకి ఆకురాయి పెడుతోంది, తల ఎత్తలేదు. ఇక చెట్ల పని నావల్ల కాదన్నాను. కొత్తవే కొనుక్కో, తోడుకి మంచి మనిషిని చూసి పెడతానన్నాను. అప్పుడు ఆకురాయి పక్కన పెట్టి నాకెదురుగా వచ్చి కూర్చుంది. నాతో ఎప్పుడూ అలా ఎదురుగా వచ్చి కూర్చునే మాట్లాడుతుందని అప్పుడే గమనించాను. నడుముకున్న స్క్రూడ్రైవరు తీసి నా చేతిలో పెట్టింది.

"ఆ రోజు నేను చూసుకోలేదు మామయ్యా. గోడౌనాయన తొందర పెడుతుంటే అలాగే ఎక్కేశాను. రోజూ పావు చుట్టు వెనక్కి తిప్పుకునే ఎక్కుతాను."

ఎప్పట్నుంచి అని అడిగాను. తాడు గుంజడం మొదలుపెట్టినప్పట్నుంచి అంది.

నాకు కోపం వచ్చింది. రెండేళ్ళు నేను సరిచేసిన రంపాన్ని నా వెనక మళ్ళీ సరిచేసుకుంటూ, నా చెవి ఎంత చెవి అని నేను గొప్పలు చెబుతుంటే తలూపిందే అని. తర్వాత సిగ్గేసింది. నీకు కాబట్టి చెబుతున్నాను, ఆ తర్వాత ఏడ్చాను కూడా. అది చూడనట్టు గొలుసు మీద దుమ్ము తుడుచుకుంది.

కొత్త రంపం కోసం అంత పోరింది తన కోసం కాదట, నా కోసమట. స్క్రూ లేకపోతే ఎవరి చెవి ఎలాంటిదో ఎవరికీ తెలియాల్సిన పని ఉండదని. నేనేమో ఆ రంపం నన్ను సాగనంపడానికే వస్తోందని దాని మీద కత్తి కట్టాను. తెలివంతా మన వంశంలో ఆడవాళ్ళకే పోయిందక్కా.

అయినా సరే, కింద నిలబడే అర్హత నాకు లేదన్నాను. దానికి అదేమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"రెండేళ్ళుగా నువ్వు చెవులతో పని చేస్తున్నావా? చేతులతో చేస్తున్నావు. నేను గుంజితే నీకు తెలియని రోజు ఒక్కటి చెప్పు, మానేద్దువుగాని."

వెతికి చూశాను. దొరకలేదు.

కాబట్టి రంపాల తగువు ఇలా తీరింది. ఇంజెక్షన్ రంపం ఒకటే కొన్నాం, అది నాకు. పట్టేసిన పాతదానికి కొత్త పిస్టన్ వేశాం. రెండో పాతది అమ్మేశాం. బాగుచేసినదాన్ని కూడా అమ్మేద్దామా, నీకూ కొత్తదే తీసుకుందువుగాని, అన్నాను. ఇన్నాళ్ళూ కొత్తది, కొత్తది అని ప్రాణం తీసిన మనిషి, ఎందుకు, దాని మాట నాకు వినపడుతోందిగా, అంది. వచ్చేవారం నన్ను చెవుల డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళుతుందట. చెవులకి మూతలు కూడా కొనిపెట్టింది. ఇప్పుడెందుకే అంటే, మిగిలిందైనా మిగలనీ అంది. నువ్వు మాత్రం ఫోను చేయకు, ఉత్తరమే రాయి. బావ నొప్పి గురించి కూడా రాయి, చదువుతాను.

ఇవాళ పిస్టన్ వేసిన రంపాన్ని మొదటిసారి స్టార్ట్ చేశాం. బల్ల మీద అదిమిపట్టి పూర్తి వేగంలో ఉంచడం నా వంతు, స్క్రూ తిప్పడం దాని వంతు. అది తల ఒక పక్కకి వంచి విన్నది. అచ్చం బావలాగే వంచుతుంది, నేనెప్పుడూ చూడలేదు. పావు చుట్టు వెనక్కి తిప్పింది, ఇంకో వెంట్రుకవాసి తిప్పింది, నవ్వింది. పని అయిపోయింది. నేను మాత్రం ఏమైనా వినపడుతుందేమోనని ఇంకా అలాగే పట్టుకుని నిలబడ్డాను. అది నా చొక్కా చెయ్యి పట్టుకుని ఒకసారి గుంజింది.

వదిలాను.

నీ తమ్ముడు,
ఉడతకి కింద మనిషి