ఈ క్రిస్మస్‌కు రావద్దనండి

కౌరెల్ కొండలు, గలీసియా, స్పెయిన్
నవంబరు 1966

జెనెరోసా వదినకు,

ఇక్కడ పిల్లలంతా క్షేమం. చెస్ట్‌నట్ కాయలు ఏరడం అయిపోయింది, పంది మాంసానికి ఉప్పు పట్టించాం. క్రిస్మస్‌కు నాన్న స్విట్జర్లాండ్ నుంచి వస్తున్నాడని పిల్లలు గంతులేస్తున్నారు. నాకు మాత్రం ఆ రోజు దగ్గరపడే కొద్దీ భయమేస్తోంది.

ఐదో కాన్పులో నెత్తురు ఆగక నేను చచ్చి బతికిన సంగతి మీకు తెలుసు. మొన్న మంత్రసాని దోసిందా పొలం గట్టు మీద ఎదురైంది. "మళ్లీ కడుపొచ్చిందంటే నన్ను పిలవకే పిల్లా, ఆఖరి ప్రార్థనకు చర్చి ఫాదర్‌నే పిలుచుకో" అని నవ్వబోయి ఏడ్చేసింది. భయపడి ఫాదర్‌కు చెప్పుకున్నాను. "మొగుణ్ని దూరం పెట్టడం పాపమమ్మా. బిడ్డల్నిచ్చేది దేవుడు" అన్నారు.

ఈ మాట మీ తమ్ముడికి నేరుగా రాయలేను. ఆయనకు చదువు రాదు కదా, ఉత్తరం వస్తే తోటి కూలీలు అందరి ముందూ పైకి చదువుతారు. మీరు అక్కడ ఆయన పనిచేసే ఊళ్లోనే ఉన్నారు. ఆదివారం పక్కకు పిలిచి మెల్లగా చెప్పండి. ఈ ఏడు రావద్దనండి. పిల్లలకు నేనేదో సర్దిచెబుతాను.

ఆయనంటే ఇష్టం లేక కాదు వదినా. ఆయన కొండెక్కి వచ్చి గుమ్మంలో నిలబడితే, వద్దనడం నా వల్ల కాదు. నా భయమంతా అదే.

మీ మరదలు