ఆగినందుకు పెంచిన ప్రీమియం

మేనేజరు గారికి నమస్కారం.

నేను కుట్టుమిషన్లు బాగుచేసేదాన్ని. పనిముట్ల సంచీ వేసుకుని మోటారు సైకిలు మీద ఇంటింటికీ తిరుగుతాను. పదకొండేళ్లలో నా బండి ఎవరికీ తగల్లేదు. అయినా ఈ ఏడాది ఇన్సూరెన్సు ప్రీమియం దాదాపు రెట్టింపు చేసి, "గత ఏడాది ప్రమాదం" అని కారణం రాశారు.

ఆ ప్రమాదం నేను చేసింది కాదండీ. ఏదో లారీ ఒక పోస్టుమాన్‌ను గుద్ది వెళ్లిపోయింది. నేను ఆగి, ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని, జారిపోకుండా సంచీ పట్టీతో నాకు కట్టుకుని ఆసుపత్రికి చేర్చాను. అక్కడ ప్రమాదం కేసు కాగితాల్లో నా బండి నంబరు రాసుకున్నారు. మీకు ఆ నంబరొక్కటే కనిపించింది.

ఇదంతా చెబితే మీ గుమాస్తా గారు, "మిమ్మల్నెవరు ఆగమన్నారమ్మా? మీ దారిన మీరు పోవాల్సింది" అన్నారు. ఆ మాటకు ఒళ్లు మండిపోయింది.

డాక్టరు రాసిచ్చిన కాగితం, కోలుకున్న పోస్టుమాన్ సంతకం జతచేశాను. చెక్కు మాత్రం పాత రేటుకే రాశాను. పైన ఒక్క పైసా కట్టను. కాదంటే పై అధికారుల దగ్గరికి వెళతాను. మొండికేసిన మిషన్ల ముందు గంటల తరబడి కూర్చునే ఓపిక నాది.

రేపు దారిలో ఎవరు పడి ఉన్నా మళ్లీ ఆగుతాను. అది కూడా మీ ఫైల్లో రాసుకోండి.

ఇట్లు,
మీ పాలసీదారు