నీ కూతురు చూసిన సముద్రం

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ మలేషియాలో, బంటింగ్ ఊళ్లో మన ఫ్యాక్టరీవాళ్లు నీ లాకర్‌ను మూడో రోజే ఇంకో మనిషికి ఇచ్చేశారు. పద్దెనిమిదేళ్లు ఆదివారాలు కూడా మానుకుని నువ్వు పరిగెత్తింది అక్కడికే.

నిన్న సూపర్‌వైజర్ నన్నూ ఆదివారం ఓవర్‌టైముకి రమ్మన్నాడు.

"నాను రాను. రేపు నాను సచ్చిపోతే మీ పని ఆగిపోతాదేటి?" అన్నాను.

ఇవాళ నీ కూతుర్ని మోరిబ్ సముద్రానికి తీసుకెళ్లాను. అరటిపండు బజ్జీలు కొనుక్కుని, మోకాలి లోతు బురదనీళ్లలో నిలబడి తిన్నాం. అది ఆపకుండా నవ్వింది. తర్వాత అడిగింది:

"బస్సులో అరగంటే గదా పిన్నీ, అమ్మ నన్నొక్కసారీ ఎందుకు తేనేదు?"

నువ్వు బాగా అలసిపోయేదానివని చెప్పాను. నీమీద నాకెంత కోపంగా ఉందో మాత్రం చెప్పలేదు. నేనూ ఎప్పుడో పోతాను. ఈలోపు దానికి ఈత నేర్పిస్తాను.