ఉత్తర్వుకు ముందే తెరిచిన కుళాయిలు

మామయ్యకు నమస్కారాలు.

విషజ్వరాలప్పుడు, బాకీ ఉన్నా సరే ఎవరి కుళాయీ కట్టెయ్యొద్దని, కట్టేసినవి తెరవాలని మా ప్రభుత్వం అత్యవసర ఉత్తర్వు ఇచ్చింది కదా. దానివల్ల నష్టపోయామని మీ నీళ్ల కంపెనీ, అదే ఆ పైదేశం వాళ్లది, ప్రభుత్వం మీద దావా వేసింది. పంచాయితీ కూడా పైదేశంలోనే. మీ వీధి కుళాయిలు చూసేది నువ్వే కాబట్టి, ఉత్తర్వు రాగానే ఏం చేశావో రాయి.

నీ మేనల్లుడు,
న్యాయశాఖ గుమాస్తా

తా.క.: భయపడకు. నువ్వు సాక్షివి మాత్రమే.

చిరంజీవికి ఆశీస్సులు.

ఏమీ చెయ్యలేదు. అప్పటికే తెరిచేశాను.

మామయ్య

తా.క.: సాక్షి అన్న మాట చదివినప్పటినుంచీ మీ అత్తకు ముద్ద దిగడం లేదు.

మామయ్యా,

నీ రెండు ముక్కలూ చదివి మా ఆఫీసరు కుర్చీలోంచి లేచారు. ముందే తెరిస్తే నష్టం మా ఉత్తర్వు వల్ల కాదు, కంపెనీ మనిషి వల్లే. ఎవరు చెప్తే తెరిచావు? సిగ్గుపడకుండా వివరంగా రాయి.

నీ మేనల్లుడు

తా.క.: పేజీ నిండాలి. కేసు కాగితాలు బరువుంటేనే గౌరవమట.

చిరంజీవికి ఆశీస్సులు.

ఎవరూ చెప్పలేదు. ఒకింట్లో జ్వరం. ఒళ్లు తుడవడానికి నీళ్లు లేవు. ఆ కుళాయి తెరిచాను. పక్కింటివాళ్లు చూస్తున్నారు. మొహమాటం వేసింది. వాళ్లదీ తెరిచాను. ఆ మొహమాటం వీధి చివరిదాకా వెళ్లింది.

మామయ్య

తా.క.: పేజీ నింపమన్నావు. అక్షరాలు పెద్దవి చేశాను.

మామయ్యా,

గెలిచాం. దావా కొట్టేశారు. తీర్పులో నీ మొహమాటం గురించే అరపేజీ ఉంది. నాకు ప్రమోషను వచ్చింది. ఉత్తర్వు గడువు కూడా తీరింది కాబట్టి ఇక ఏ గొడవా లేదు.

నీ మేనల్లుడు

తా.క.: ఇంతకీ ఆ మొదటి ఇల్లు ఎవరిది? ఆఫీసరు ఊరికే అడిగారు.

చిరంజీవికి ఆశీస్సులు.

సంతోషం. తీర్పు కంపెనీ కూడా చదివింది. నన్ను తీసేసింది. తెరిచినవాడివి నువ్వే, కట్టేసి పో అంది. తెరిచిన వరసలోనే మొదలుపెట్టాను.

మొదటి ఇల్లు మీ అమ్మది. బాకీ అడిగినప్పుడల్లా, మావాడు ప్రభుత్వంలో ఉన్నాడు, చూసుకుంటాడు అనేది అక్క. నీకు మాత్రం చెప్పనిచ్చేది కాదు. ఇవాళ అడ్డం రాలేదు. "మావాడు గెలిచాడటగా. కట్టెయ్, తమ్ముడూ" అంది.

కట్టేశాను. పక్కింటివాళ్లు చూస్తున్నారు.

మామయ్య

తా.క.: అక్కకు జ్వరం తిరగబెట్టింది. నీకు రాయొద్దంది. అందుకే చివర రాశాను.