స్వెట్టరు లోపలివైపు

పిన్నికి నమస్కారాలు. నేను కులాసా. నా దగ్గు పూర్తిగా తగ్గిందని నాన్నకి గట్టిగా చెప్పు, లేకపోతే కంగారుపడతారు.

సెలవురోజుల్లో రంగుల అల్లిక క్లాసుకి వెళుతున్నాను. ఊడిన గుండీ కూడా నీచేతే కుట్టించుకున్నదాన్ని, నవ్వుకుంటే నవ్వుకో. రెండు రంగుల ఊలుతో పువ్వులు అల్లేటప్పుడు, ఆ కాసేపు వాడని రంగు దారం లోపలివైపు పొడుగ్గా సాగుతూ పోతుంది. నిన్న టీచరమ్మ నా అల్లిక తిరగేసి, ఆ దారంలో వేలు దూర్చి లాగింది. "పిల్లలు తొడుక్కుంటే వేళ్ళు చిక్కుకోవూ? మూడు కుట్లకోసారి దారాన్ని మెలేసి పట్టించాలమ్మా. పైకి కనపడదు, చాకిరీ మాత్రం రెట్టింపు" అంది.

అమ్మ పోయాక నువ్వు మా ఇంటికొచ్చిన ఏడాది అల్లిన నీలం పువ్వుల స్వెట్టరు గుర్తొచ్చింది. తప్పు పట్టాలని నీ ఎదుటే దాన్ని తిరగేసి వెతికాను. ఒక్క దారమూ వేలికి తగల్లేదు. అందుకు కూడా నీమీదే కోపం వచ్చింది. నువ్వు దాన్ని మళ్ళీ సరిగ్గా తిప్పి నాకు తొడిగావు.

అది పెట్టెలో ఉంటే ఎవరికీ ఇచ్చెయ్యకు. వంటింటి కుళాయి బాగుచేయించారా? తమ్ముడు పొద్దున్నే లేస్తున్నాడా? వాడికి నా ఆశీస్సులు. నీ చేతి పొడుగు, ఛాతీ చుట్టుకొలత రాసి పంపు, నీకొకటి మొదలుపెడతాను. పువ్వులు కాస్త వంకరగానే వస్తాయి. చేరగానే ముందు తిరగేసి చూడు, తర్వాతే తొడుక్కో.

నీ మొండిఘటం